హెలెన్ టీచరూ సూర్యుడి గాలీ

హెలెన్ టీచర్‌కి కడుపుమంట అంటే ఆ ఊళ్లో ఎవరూ నమ్మరు. ఆదివారం చర్చిలో ముందు వరసలో నిలబడి పాటెత్తేది ఆవిడే మరి. కానీ ఉంది, నిలువెల్లా ఉంది! ఏటా ఒంగోలు సైన్స్ ప్రదర్శనలో మిషన్ బడి తరఫున మాట్లాడేది తనే. ఈసారి హెడ్మాస్టరు యేసుపాదం గారు మహిమని వెళ్లమన్నారు. ఎవరీ మహిమ? నిన్నగాక మొన్న తన దగ్గర ఆరో తరగతి చదివిన పిల్ల! ఇప్పుడు పక్క గదిలో కొత్త టీచరు.

పైగా ఎత్తుకున్న విషయం చూడండి: సూర్యుడి నుంచి వీచే గాలి. మనం పీల్చే గాలి కాదది, విద్యుదావేశమున్న కణాల ప్రవాహం, ప్లాస్మా అంటారు. కొంత నెమ్మదిగా వస్తుంది, కొంత వేగంగా. వెనకొచ్చే వేగపు గాలి ముందున్నదాన్ని అందుకున్న చోట రెండూ నొక్కుకుని వేడెక్కుతాయి. దీన్ని మహిమ స్టాఫ్ రూములో చర్చి గుమ్మంతో పోల్చి చెప్పింది. ఆరాధన అయ్యాక పెద్దవాళ్లు పాస్టరు గారికి ఒక్కొక్కరే చెయ్యి కలిపి కదులుతుంటారు, వెనక నుంచి పిల్లలు తోసుకొస్తారు, గుమ్మం దగ్గర ఒకటే ఉక్క! స్టాఫ్ రూమంతా పకపకా నవ్వింది. ఇన్నేళ్లలో తన పాఠానికి ఒక్కరన్నా అలా నవ్వారా? హెలెన్‌కి ఒళ్లు మండిపోయింది.

"మనుషుల్లాగే కణాలూ గుద్దుకుని వేడెక్కుతాయి. అంతేగా టీచర్?" అని అడిగింది మహిమ.

కానే కాదు. ఆ కణాలు ఎంత పలచనంటే, ఒకదాన్నొకటి గుద్దుకోవడమే అరుదు. హెలెన్‌కి ఆ సంగతి బాగా తెలుసు. 'పోవే పో, అందరి ముందూ పరువు పోగొట్టుకుని రా' అనుకుంది లోపల. పైకి మాత్రం, "బ్రహ్మాండంగా ఉందమ్మాయ్" అంది.

ఒంగోలులో అనుకున్నంతా అయింది. "అంత పలచటి చోట గుద్దుకునేదెట్టాగమ్మా?" అని అడిగారు జడ్జి గారు. మహిమ చేతిలో కాగితాలు అటూ ఇటూ తిరగేసింది. వెనక బెంచీలో కూర్చున్న హెలెన్‌కి ప్రాణం లేచొచ్చింది.

"మా హెలెన్ టీచర్ విని, బాగుందన్నారండీ," అంది మహిమ. "ఆవిడ తప్పు చెప్పరు. నేనే ఎక్కడో సరిగ్గా అర్థం చేసుకోలేదేమో."

హాలంతా వెనక్కి తిరిగింది. హెలెన్ లేవక తప్పలేదు. తెలియదంటే నామర్దా కదూ! గడగడా చెప్పేసింది. గుద్దుకోవడం కాదండీ, ఆ గాలి తనతో పాటు అయస్కాంత క్షేత్రాన్నీ మోసుకొస్తుంది, రెండు ప్రవాహాలూ నొక్కుకున్న చోట అదీ నలిగి అల్లకల్లోలమవుతుంది, అక్కడ లేచే అలలే కణాలని వేడెక్కిస్తాయి అంది.

హాలు మారుమోగేలా చప్పట్లు! జడ్జి గారు లేచి మరీ కొట్టారు. మహిమ మాత్రం కొట్టలేదు. వేదిక దిగి వచ్చి, హెలెన్ పక్కన నిలబడి, మెల్లగా అడిగింది.

"అయితే మీకు ముందే తెలుసా టీచర్?"