నాగరత్నం పెట్టిన సంతకం

నాగరత్నం నాంపల్లిలో ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. రాజధాని హైదరాబాదుకు మారినప్పుడు, గుమాస్తా భర్త తాతారావు వెంట కర్నూలు నుంచి వచ్చింది. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా ఇంటాయన్ని అడగాల్సి రావడం ఆమెకు అసహ్యం. ఏడేళ్లు జీతం దాచి ఖైరతాబాద్ అవతల రెండొందల గజాల స్థలం తన పేరున కొనుక్కుంది.

మరుసటి ఏడాది తాతారావుకి కారు పిచ్చి పట్టింది. ఆబిడ్స్‌లో ఓ వ్యాపారి పాత విలాయతీ కారు వాయిదాల మీద ఇస్తానన్నాడు. హామీదారు కావాలి.

"బయటివాళ్లెందుకు సార్? అమ్మగారున్నారుగా. దంపతులు కలిసి చేస్తే శుభం!"

రాహుకాలం ముంచుకొస్తోంది. వ్రతం పీటల మీద భర్త చేతికి చెయ్యి ఆనించినట్టు నాగరత్నం కాగితానికి కలం ఆనించింది. చదవలేదు. పిల్లల లెక్కల్లో సున్నా తప్పినా పట్టుకునే మనిషి! అర్ధాంగి అనే మాటకు అంత మత్తుంది.

మూడో వారం కారు మొజంజాహీ మార్కెట్ ముందు ఆగిపోయింది. ఇంజను పగిలి ఉంది. వ్యాపారి వెనక్కి తీసుకోనన్నాడు.

వకీలు శ్యామ్‌సుందర్ కాగితాలు తిరగేశాడు. "కొన్నంక మనసు మారిందంటే కోర్టు ఇనదమ్మా. పగులు ఎరికుండి దాచిండని సాక్ష్యమున్నదా? బండి మంచిగ చూస్కొని తీసుకున్నమని మీరే రాసిచ్చిన్రు."

"ఆయన కట్టలేకపోతే?"

"మీ జాగ మీదికొస్తరు."

"ఆయన భార్యనని?"

"కాదు, దస్కతు పెట్టినందుకు. పెట్టకుంటే మొగుడి అప్పుకు మీ జాగ ఎవ్వడూ ముట్టకపోతుండె."

ఆలుమగలు ఒకటేనని చెప్పనివాడు ఊళ్లో లేడు. వేరువేరని చెప్పింది చట్టం ఒక్కటే, అదీ ఆలస్యంగా.

నాలుగు వాయిదాలు తప్పాక నోటీసు ఆమె పేరునే బడికి వచ్చింది. జప్తు దాకా రానివ్వకుండా స్థలం తనే అమ్మేసింది. రిజిస్ట్రేషను ఆఫీసు మెట్ల మీద తాతారావు ఓదార్చబోయాడు.

"ఊరుకో రత్నం, మనం మళ్లీ కొనుక్కుందాం."

"మనం ఎప్పుడు కొన్నామండీ? నేను కొన్నాను."

మళ్లీ కొనలేదు. ఖైరతాబాద్ ధరలు ఆమె జీతం కోసం ఆగలేదు. పంతొమ్మిది వందల డెబ్భై నాలుగులో రిటైరైన సాయంత్రం బడి పిల్లలిచ్చిన దేవుడి పటం పట్టుకుని ఇంటాయన గుమ్మం ముందు నిలబడింది, మేకు కొట్టుకోవచ్చా అని అడగడానికి. ఆయన భోజనం చేస్తున్నాడట, ఆగమన్నారు.