విప్పేసిన పెట్టెలు

నీలవేణి మా పిన్ని. సంతబొమ్మాళి మండలంలో సముద్రం ఒడ్డున మొగపేటలో ఉంటుంది, మాదీ ఆ ఊరే. కృష్ణ బాబాయి సముద్రం మీద చేపల వేటకు వెళ్తాడు. ఆమె కాగితంతో పెట్టెలు మడుస్తుంది. ఒకటే దళసరి కాగితం. జిగురు చుక్క ఉండదు, కత్తెర గాటు ఉండదు. మూత మీద ఎనిమిది రేకుల పువ్వు విచ్చుకుని ఉంటుంది. మడత పదునుగా రావడానికి వల అల్లే వెదురు బద్దతో ఒత్తుతుంది. పెళ్ళిళ్ళలో పలాస జీడిపప్పు పంచేవాళ్ళు ఈ పెట్టెలే కావాలంటారు.

వాటిని ఆమె తన ఇంట్లో మడవలేదు. ఉప్పుగాలికి కాగితం మెత్తబడి, పొద్దున నిలబడ్డ పువ్వు సాయంత్రానికి వాలిపోతుంది. మొదట్లో ఒక కట్ట కాగితం అలాగే పాడైంది. అందుకని బస్సెక్కి పలాస వెళ్ళి, ఆడపడుచు రజని ఇంటి మేడగదిలో కూర్చుని మడుస్తుంది. కాగితమూ అక్కడే ఉంటుంది. ఆ పెట్టెల్లో ఒక్కటి కూడా సముద్రం మొహం చూడదు.

మొన్న వేసవిలో టెక్కలిలో కామేశ్వరమ్మ గారింటి పెళ్ళికి రెండు వందల పెట్టెలు ఒప్పుకుంది. వాళ్ళు భూములున్నవాళ్ళు. ఎర్ర కాగితం వాళ్ళే కొనిచ్చారు. అంతకుముందు దుకాణాలకు మడిచినప్పుడు పెట్టె మీద దుకాణం పేరే ఉండేది. ఈసారి పిన్ని నన్ను పిలిచి, "నా పేరేసి సీటీలు సేయించవే. ఎవులు మడిసినారో పెళ్ళికొచ్చినోల్లు సూత్తారు," అంది. నీలవేణి, మొగపేట, కింద ఫోను నంబరు. అచ్చు వేయించి తెచ్చాను. ఒక్కో పెట్టె అడుగున ఒక్కో చీటీ పెట్టింది.

పెళ్ళి ఎల్లుండి అనగా ఇద్దరం పెట్టెలు పట్టుకెళ్ళాం. కామేశ్వరమ్మ మాకు కుర్చీలు వేయించింది. ఒక పెట్టె ఒళ్ళో పెట్టుకుని, పువ్వు తడిమి, గుప్పెడు జీడిపప్పు పోసి చూసుకుంది.

"ఎంత సక్కగున్నాయే. పట్నంలో కూడా ఇలాటియి దొరకవు," అంది.

పప్పు ఒంపేసేటప్పుడు అడుగున చీటీ కనబడింది.

"మొగపేటా? పలాస అనుకున్నానే. మీ ఆయన ఏటి సేత్తాడు?"

"వేటకెల్తాడమ్మా."

అప్పుడు ఆవిడ పెట్టెను ముక్కు దగ్గరికి తీసుకుంది. పది నిమిషాలుగా ఒళ్ళో ఉన్న పెట్టె అది.

"నీచు వాసనొత్తంది."

"ఈ పెట్టెలు మా ఊరే సూడ్నేదమ్మా. పలాసలో మా వొదినింట్లో మడిసినాను."

"అలవాటైపోయి నీకు తెలీదులే. ఎండలో ఎట్టి సెంటు జల్లుకుంటాం. ఆ సీటీలు మాత్రం తీసెయ్. వియ్యాలోరు సూత్తే బాగోదు. విశాఖపట్నం నుంచి తెప్పించామని సెప్పుకుంటాం."

పెళ్ళికూతురు సుష్మ ఇంకో పెట్టె వాసన చూసి, "ఏ వాసనా లేదమ్మా," అంది.

"నువ్వూరుకో," అంది తల్లి.

ఆ ముక్కుకు అందినది మా ఊరి పేరు. ఆదివారం ఆ ఇంట్లో ఉడికే వంజరం చేప ఏ ఒడ్డున దిగుతుందో ఆవిడకు తెలియనిది కాదు. నాకు చెవులు కాలిపోతున్నాయి.

పిన్ని కుర్చీ దిగి నేల మీద కూర్చుంది. "తీసేత్తానమ్మా," అంది. ఒక పెట్టె తీసుకుని రెండు రేకులు పట్టి లాగింది. పెట్టె కాస్తా కాగితమైపోయింది. చీటీ ఒళ్ళో వేసుకుని, కాగితం పక్కన పెట్టి, రెండోది అందుకుంది. నాలుగో పెట్టె దగ్గర గానీ ఆవిడకు అర్థం కాలేదు.

"ఏటే, సీటీలు తియ్యమంటే పెట్టెలే ఇప్పేత్తన్నావు?"

"కాయితం మీదమ్మా, ఇక్కడే వొగ్గేత్తాను. మడత మొగపేటది. అది నాతోటే వొచ్చేత్తాది."

"ఎల్లుండి పెళ్ళెట్టుకుని ఇదేటి తల్లీ."

"విశాఖపట్నం నుంచి తెప్పించుకోండి."

యాభై పెట్టెలు దాటేసరికి కామేశ్వరమ్మ గొంతు దిగింది. "సర్లే, సీటీలుండనీ. వాసన కూడా అంత లేదులే."

"ఇందాకటి వాసన ఎటెల్పోనాదమ్మా?" అంది పిన్ని, చేతులు ఆపకుండా.

నేనూ కుర్చీ దిగి ఆమె పక్కన కూర్చుని విప్పడం మొదలుపెట్టాను. మాట్లాడటం రానిదానికి ఆ పని వచ్చింది. రెండు వందలూ విప్పేశాం. పది రోజుల పని అది.

ఆటో ఎక్కాక పిన్ని, "ఇన్ని సదువులు సదివి ఒక్క మాట ఆడ్నేకపోనావేటే," అని నన్నే తిట్టింది. తిట్లు తిన్నాను.

ఆ పెళ్ళిలో జీడిపప్పు ప్లాస్టిక్ కవర్లలో పంచారట. అది విని కూడా పిన్ని కోపం తగ్గలేదు. తగ్గాలని నాకూ లేదు. ఇప్పుడు ఎవరు బేరానికొచ్చినా ముందు చీటీ చేతిలో పెడుతుంది.

"ఊరి పేరు సదవండమ్మా. కాయితం తరవాత కొందురు గాని."