వంగని బండి

కరెంటాఫీసులో పనిచేసినన్నాళ్లూ నాకు మోటార్‌సైకిలే కాళ్లు. రిటైరైన ఏడాదే చెవిలో ఏదో తేడా వచ్చి కళ్లు తిరగడం మొదలైంది. ఇక రెండు చక్రాల బండి ఎక్కొద్దన్నాడు డాక్టరు. ఎక్కడికీ నా అంతట నేను పోలేనన్న బెంగ పట్టుకుంది. ఆ చలికాలమంతా గౌలిపురలో మా గడప మీద కూర్చుని, దారిన పోయే ప్రతివాడి డ్రైవింగ్‌కీ వంకలు పెట్టాను.

అది పక్కింటి భాయ్ భరించలేకపోయాడు. ఆయన ఉస్మాన్‌గంజ్ నుంచి దుకాణాలకు బస్తాలు చేరవేస్తాడు, మూడు చక్రాల ట్రాలీ రిక్షా మీద. వేప పూత రాలే రోజుల్లో ఒక శుక్రవారం పొద్దున, ఖాళీ ట్రాలీ తెచ్చి మా గుమ్మం ముందు పెట్టాడు.

"ఎక్కు అన్నా. నీకు కండ్లు తిరిగినా ఇది పడదు. ఫికర్ చెయ్యకు."

నాకు రాని బండా? దర్జాగా ఎక్కాను. మొదటి మలుపులో అలవాటుకొద్దీ ఒళ్లు ఎడమకు వంచాను. ట్రాలీ నన్ను లెక్కచేయకుండా తిన్నగా పోయి గేదెల కుడితి తొట్టిని గుద్దింది. ప్యాంటంతా కుడితి. భాయ్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మోటార్‌సైకిల్ కాదన్నా ఇది! నువ్వెంత వంగినా వినదు. సీదా కూసో, హ్యాండిల్ తిప్పు, గంతే!"

ఇన్నేళ్ల అలవాటు ఊరికే పోతుందా? చాలా శుక్రవారాలు పట్టింది. నేను తొక్కుతుంటే ఆయన నా మోటార్‌సైకిల్ మీద మెల్లగా పక్కనే వచ్చేవాడు. వెచ్చటి గాలి ముఖానికి తగులుతుంటే ప్రాణం లేచొచ్చినట్టుండేది. వారానికి తనకు దొరికే ఒక్క ఖాళీ పూటనూ నాకే ఇచ్చిన ఆ మనిషికి చేతులెత్తి మొక్కాలి.

ఒక వారం మా ఆవిడ కూడా వస్తానంది. ట్రాలీ చెక్క మీద దుప్పటి మడతేసుకుని నా వెనకే కూర్చుంది. పత్తర్‌గట్టి దాకా వెళ్లొద్దామని బయల్దేరాం. తొట్టి దగ్గర మలుపులో నేను నిటారుగా కూర్చుని హ్యాండిల్ ఒక్కటే తిప్పాను. బండి చక్కగా తిరిగింది. కానీ వెనక నుంచి ఎవరో నా చొక్కా లాగినట్టయింది. ఆపి చూస్తే, మా ఆవిడ చెక్క మీద నుంచి జారిపడేంతగా ఎడమకు ఒరిగి ఉంది.

"నువ్వెందుకు వంగినవే?"

"నువ్వు వంగుతవనుకున్న. ఎప్పుడు గట్లనే గదా!"

మోటార్‌సైకిల్ మీద ఇన్నేళ్లూ ప్రతి మలుపులోనూ ఆమె నాతో పాటు వంగిందని అప్పుడే తెలిసింది నాకు. బండి నేనొక్కణ్నే నడిపాననుకున్నాను.

"సీదా కూసో, ఇది పడదు" అన్నాను.

సీదాగానే కూర్చుంది. చొక్కా మాత్రం వదల్లేదు.