ఇసుక మీద నిలిచిన ముగ్గు

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలమేమీ కాదు, ఓ ఏడెనిమిదేళ్ల కింద, నాకు చదువు రాదన్న సంగతి దాచడానికి పడ్డ కష్టంలో సగం పడినా చదువే వచ్చేసేది. బస్సు బోర్డు చదవాల్సి వస్తే "కండ్లద్దాలు మరిచిన" అనేదాన్ని (నాకు అద్దాలే లేవు). పెళ్లి పత్రిక చేతికిస్తే కాసేపు అటూ ఇటూ తిప్పి, "మంచిగ కొట్టించిన్రు" అని మెచ్చుకొని పక్కవాళ్లకు అందించేదాన్ని. మా మహిళా సంఘంలో రాత్రిబడి పెట్టినప్పుడు మూడు రోజులు పోయాను. నాలుగో రోజు మెడ నొప్పి వచ్చింది. బడి ఎత్తేసేదాకా ఆ నొప్పి తగ్గలేదు. కానీ ఫోనులో మా చెల్లెతో మాత్రం "అయిపోవచ్చిందే, ఇగ వత్తులే మిగిలినయ్" అని చెప్పాను. ఆ ఒక్క మాట కొంప ముంచింది. నా కొంప కాదు, పాపం ఒక తాబేలుది.

మా చెల్లె నాకంటే పదమూడేళ్లు చిన్నది. దాన్ని చంకనేసుకొని తిరగడానికే నన్ను బడి మాన్పించారు, అందుకని అది చదివిన ప్రతి తరగతిలో నాకూ సగం వాటా ఉందని నా లెక్క. అది హోటల్ పని చదువు చదివి, శ్రీకాకుళం అవతల, సరుగుడు తోటలు దాటాక, మనిషి అలికిడి లేని సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఖరీదైన విడిదిలో పనికి కుదిరింది. ఆరు నెలలు పని చూసి, నచ్చితేనే ఉంచుకుంటారట. ఆ గడువు ఇంకో వారంలో తీరిపోతుందనగా, పనివాళ్ల ఇంటి మనిషి ఒకరు రెండు రోజులు అతిథిగా ఉండవచ్చని కబురొచ్చింది. "నువ్వే రావాలె అక్కా. మా అక్క పెద్దయినంక చదువు నేర్చుకున్నదని అందరికీ చెప్పిన" అంది చెల్లె. నేను స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలెక్కాను. సంచిలో చింతకాయ తొక్కు, మురుకులు, చీరల మడతల్లో ఒక పొట్లం ముగ్గు పెట్టుకున్నాను. రెండు పొద్దులు ముగ్గు లేని వాకిట్లో ఎట్లా ఉండేది? (దిగేసరికి పొట్లం విప్పుకొని, పట్టు చీర పిండి మర నుంచి వచ్చినట్టుంది.)

ఖరీదైన విడిది అంటే పాలరాళ్లు, అద్దాల మేడలు అనుకున్నాను. చూస్తే ఏముంది, మట్టి గోడలు, తాటాకు కప్పు, పేడతో అలికిన నేల! మేం ఏండ్లకేండ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి, సంతకాలకు బదులు వేలిముద్రలు వేసి, ఎట్లనో స్లాబు ఇల్లు కట్టుకొని ఏ గుడిసెలోంచి బయటపడ్డామో, సరిగ్గా ఆ గుడిసెలోకే నన్ను దండం పెట్టి లోపలికి పిలిచారు. దాహమంటే కొబ్బరి చిప్పలో అంబలి ఇచ్చారు. పండ్లు తోముకోను వేప పుల్ల. టీవీ లేదు, పంకా లేదు, తలారా స్నానం చేద్దామంటే గదికి కప్పు లేదు, పైన ఆకాశం. ప్లాస్టిక్ కూడదని నా తొక్కు కవరు తీసుకొని, తొక్కును ఒక మట్టి ముంతలోకి మార్చి మర్యాదగా తెచ్చిచ్చారు. "గీ గుడిసెలకా గిన్ని పైసలు పెట్టి వస్తరు? మనూరికే తోలుకపోదాం పా, అక్కడ దోమలు గూడ ఫ్రీ" అన్నాను. "మెల్లగ అక్కా, ఇంటరు" అని చెల్లె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

డ్యూటీకి పోతూ పోతూ అది తలుపు పక్కన వేలాడుతున్న చెక్క బోర్డు చూపించింది. "తెలుగులనే ఉన్నది అక్కా. జర నిమ్మళంగ చదువుకో, గవన్నీ ఇక్కడి పద్ధతులు." బోర్డు మీద నాలుగు వరుసల అక్షరాలు, కింద ఒక తాబేలు బొమ్మ. చెల్లె తోటి పనిపిల్ల కూడా పక్కనే నిలబడి నా వైపే చూస్తోంది. నేను బోర్డు ముందు నిలబడి, పెదాలు కదిలించి, వరుస వరుసకూ తల ఆడించి, తాబేలు దగ్గర కాస్త నవ్వి, "మంచిగ రాసిన్రు" అన్నాను. చెల్లె ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి నాకు నిజంగానే చదివినట్టు అనిపించింది.

తెల్లారి కోడి కూయకముందే మెలకువ వచ్చింది. (కోడి లేదు, అలవాటు ఉంది.) పొద్దు పొడిచేసరికి వాకిలి ఊడ్చకుండా ఉంటే మా అవ్వ "ఇంట్ల పీనుగున్నదా?" అనేది. తలుపు తీసి చూద్దును కదా, వాకిలి నిండా ఇసుక, ఇసుక మీద నీళ్ల ఒడ్డు నుంచి మా మెట్ల దాకా ట్రాక్టరు టైరు జాడ! ఎవడో తాగి నడిపినట్టు పైకొచ్చి, తిరిగి కిందికి పోయింది. అతిథి ఇంటి ముందు ఇదేం మర్యాద అనుకొని, స్నానాల గది వెనక ఉన్న కొబ్బరి ఈనెల చీపురు పట్టుకొని, మెట్ల నుంచి నీళ్లు తడిపిన మేర దాకా ఒక్క గీత మిగలకుండా ఊడ్చాను. నడుము పట్టేసింది కానీ వాకిలి అద్దమయింది. ఇక ముగ్గు. ముంతెడు నీళ్లు చల్లితే ఇసుక తాగేసింది. ముగ్గు పోస్తే గాలికి లేచి నా ముఖానికే వచ్చింది. వెతగ్గా వెతగ్గా ఒక్క చోట మాత్రం ఇసుక తడిగా, మెత్తగా, ఎవరో కలిపి పెట్టినట్టుంది. అరచేత్తో తట్టి చదును చేసి, పదకొండు చుక్కల ముగ్గు వేశాను. సముద్రం కూడా చూసుకోనీ, ఘన్‌పూర్ మనిషి వచ్చిందని.

సముద్రం కంటే ముందు తాబేళ్ల తాత చూశాడు. ఆ విడిదిలో తాబేలు గుడ్లను కాపాడే ముసలాయన్ని అందరూ అట్లాగే పిలిచేవారు. చేతిలో సన్నటి కర్ర, భుజాన గోనె సంచి. నీళ్ల దగ్గర వంగి చూశాడు, నాలుగడుగులు పైకొచ్చాడు, ఆగిపోయాడు. "ఏటమ్మా ఇది? రాత్రి తల్లి గుడ్లెట్టీసి ఎల్లినాది. నీటికాడ జాడుంది, ఇక్కడికొచ్చీసరికి నేదు! జాడ నేకపోతే గూడెక్కడని తవ్వేది? మనం సూడకపోతే కుక్కలు సూసేస్తాయి. సాయంత్రానికి ఒక్క గుడ్డు మిగల్దు." నా చేతిలో చీపురు ఇంకా అట్లాగే ఉంది. దాన్ని వెనక్కి దాచాను. ఈనెలు తల మీదుగా పైకి కనబడుతూనే ఉన్నాయి.

ఇంతలో ఆ విడిది చూసుకునే మేడమ్ వచ్చింది, వెనకాలే మా చెల్లె. "అతిథికి చెప్పాల్సిన బాధ్యత నీది కదా? మనం ఇక్కడ ఉన్నదే వీటి కోసం" అంది మేడమ్. కోపంగా అన్నా బాగుండు, మెల్లగా అంది. చెల్లె నా ముఖం చూసింది. బోర్డు వైపు చూసింది. మళ్లీ నా ముఖం చూసింది. దానికి అంతా అర్థమైపోయింది. అయినా తల వంచుకొని, "నాదే తప్పు మేడమ్. చెప్పడం మర్చిపోయాను" అంది.

చంకలో పెట్టుకొని దాన్ని మోసింది నేను, ఇప్పుడది నన్ను మోస్తోంది. నా వల్ల కాలేదు. "అది చెప్పింది మేడమ్. బోర్డు సూపిచ్చింది. నాకే చదువు రాదు. నిన్న ఊకెనే పెదాలు కదిలిచ్చిన. దాని నౌకరి తియ్యకుండ్రి, పున్నెముంటది" అన్నాను. అన్నేళ్లు దాచిన మాట అంత చిన్నగా ఉంటుందనుకోలేదు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కాస్త బాగుండేది.

తాత ఒక్కడే దగ్గరికి వచ్చాడు. "సదువు సంగతి తరవాత సూద్దాం గానీ, ఊడ్సినప్పుడు ఏటి కనబడ్డాదో సెప్పమ్మా. గొయ్యిలాగ, తిరగేసిన ఇసకలాగ?" నేను చీపురు కింద పెట్టి, "ఏం లేదు తాతా, అంత ఎండిన ఇసుకే. ముగ్గు నిలుస్తలేదు. గక్కడొక్క తాననే తడి ఉంటే గక్కడేసిన" అని చూపించాను. తాత ముగ్గు వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఒక్కసారిగా నవ్వాడు. "ఎండిన ఇసకలో తడెక్కడినుంచొస్తాదమ్మా? తల్లి అడుగునున్న ఇసక పైకి తోడీసినాది!" పదకొండు చుక్కల నడుమ కర్ర మెల్లగా దించాడు. తరవాత మోకాళ్ల మీద కూర్చొని చేతులతో తవ్వాడు. మోచేతి లోతులో తెల్లగా, గుండ్రంగా, నిమ్మకాయంతేసి గుడ్లు! ఒక్కోటీ తీసి సంచిలోకి చేరుస్తుంటే నేను లెక్కపెడుతూ ఎనభై దాటాక తప్పాను. "ఇన్నేళ్లలో ముగ్గేసి మరీ గూడు సూపించినోళ్లని సూడనేదు" అన్నాడు తాత. అప్పుడైనా నోరు మూసుకోవచ్చు కదా! "మా దిక్కు ఆడోళ్లకు గవన్నీ ఎర్కయితయ్ తాతా" అన్నాను. చెల్లె నా కాలు గట్టిగా తొక్కింది. మేడమ్ నవ్వు ఆపుకోలేక సముద్రం వైపు తిరిగింది.

చెల్లె ఉద్యోగం నిలిచింది. రైలెక్కించేటప్పుడు అది పలక కాదు, బలపం కాదు, మా ఇంటికొచ్చే దారిలో ఉన్న బడి పంతులమ్మ నంబరు నా ఫోనులో ఎక్కించి, "ఈసారి మెడ నొప్పి రావద్దు" అంది. రాలేదు. రెండు నెలలు కాకముందే అది వీడియో పంపింది, తాత ఆ గుడ్లు పూడ్చి కాపాడిన కంచెలోంచి వదిలిన బొట్టుబిళ్లల్లాంటి తాబేలు పిల్లలు నీళ్ల వైపు పరుగులు. అప్పటికి నాకు గుణింతాలు నడుస్తున్నాయి. ఏడాది గడిచాక ఆ బోర్డు ఫొటో పంపింది. వాకిట్లో కూర్చొని, వేలు పెట్టి, గొంతెత్తి చదివాను: "దయచేసి ఇసుక ఊడవకండి. రాత్రి వచ్చిన తల్లి జాడలు ఇక్కడ ఉంటాయి." ఎంత నెమ్మదైన మాట! దాని ముందే కదా పట్టు చీర కట్టుకున్న ఒక మనిషి, పెదాలు కదిలిస్తూ, తాబేలు దగ్గర నవ్వుతూ, ఎంత ధీమాగా తలాడించింది. ఇప్పుడామె ఎదురైతే తిట్టాలో ముద్దు పెట్టుకోవాలో తెలియదు. ఫొటో ఇంకాస్త పెద్దది చేస్తే, తాబేలు బొమ్మ కింద కొత్త రంగుతో చిన్నగా ఇంకో వరుస కనబడింది: "ముగ్గులు కూడా వేయరాదు." మూడుసార్లు చదువుకున్నాను. అక్షరం రాకముందే నేను రాయించిన వాక్యం అది.