గాలిమరల అల్లుడు

1997 శ్రావణంలో వానలు ముఖం చాటేశాయి. ఉప్పునుంతల దగ్గర మా మామగారి పల్లి చేనుకు ఒక్క తడి కావాలి. ఊడలు మన్నులోకి దిగి కాయ కట్టే అదను అది. ఆ తడి అందకపోతే కాయ ఊరదు. నేను అప్పుడు నాగర్‌కర్నూల్ దిక్కు ఒక సబ్‌స్టేషన్‌లో ఆపరేటరును. మామ ఊరి బోర్లకు వెళ్ళే లైను నా చేతిమీదే నడిచేది. కనుక ఆ చేనును గట్టెక్కించేది నేనేననుకున్నాను. నా లెక్కలో రెండో మనిషికి చోటు లేదు.

ఆ వారమే నా షడ్డకుడు, అంటే నా భార్య చెల్లెలి భర్త, సెలవుమీద దిగాడు. అనంతపురం దిక్కు గుట్టలమీద గాలిమరల దగ్గర అతని ఉద్యోగం. ఆ గాలిమరల ఫొటో ఒకటి తెచ్చాడు. దానికి అద్దం కట్టించాలన్నది మా అత్త. నా సబ్‌స్టేషన్ ఫొటో ఏనాడూ ఎవరూ అడగలేదు.

"ఈయన గాలిని పట్టి కరెంటు జేస్తుండు. నువ్వేమో ఉన్న కరెంటు బందు జేస్తవు," అన్నాడు మామ. అందరూ నవ్వారు. నా భార్య కూడా నవ్వింది.

బందు చేయడం నా ఇష్టం కాదు. గ్రిడ్డు ఫ్రీక్వెన్సీ యాభై ఉండాలి. తయారీకంటే వాడకం పెరిగితే మీటరులో ముల్లు పడుతుంది. ఆ కాలంలో అది నలభై ఎనిమిదిన్నరకు దిగిన పూటలు నేను చాలా చూశాను. ముల్లు పడితే మోటారు వేగం తగ్గి ధార సన్నబడుతుంది. ఇంకా పడితే గ్రిడ్డే కూలుతుంది. అందుకే పైనుంచి ఫోను వస్తుంది, నేను లైను ఆపుతాను. ఈ అంకెలు మామకు పట్టలేదు. ఎడ్ల భాషలో చెప్పాను.

"మామా, గ్రిడ్డంటే ఊరందరి ఎడ్లు గట్టిన ఒక్క బండి. అన్ని ఒక్క నడక నడవాలె. బొగ్గు ఎద్దును ముల్లుగర్రతోని పొడిస్తె గుంజుతది. గాలి ఎద్దు గట్ల గాదు. బుద్ధి పుడితె ఉరుకుతది, లేకుంటె నడి ఎత్తుల పండుకుంటది. అప్పుడు బండి ఎన్కకు జారుతది."

"ఉన్న ఎడ్లు సాలకనే బండి దిగబడ్డది," అన్నాడు మామ. "పుక్కటికి ఇంకో ఎద్దు వస్తె వద్దంటవా? పండుకున్నప్పుడు సూద్దాం తియ్యి."

షడ్డకుడు నవ్వాడు. "అన్న జెప్పింది నిజమే మామా. గాలి పడిపోతె మా మరలు గుడ్లప్పగించి నిలబడ్తయి."

ఓటమి ఒప్పుకోవడం కూడా అతనికే అందంగా వచ్చింది.

ముల్లు పడినప్పుడల్లా ఆ గుట్టలమీద గాలి పడిపోయి ఉంటుందనుకోవడం నాకు హాయిగా ఉండేది. కాని అంకెలు అందుకు ఒప్పుకోలేదు. గ్రిడ్డు మొత్తంలో ఆ మరలిచ్చేది చిటికెడు. ముల్లును కదిలించే బలం వాటికి అప్పటికింకా లేదు.

అసలు చిక్కు ఊరిలోనే ఉంది. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరిగేలా రైతులందరూ ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. నేను స్విచ్చి వేసిన క్షణాన మోటార్లన్నీ ఒక్కసారే గుంజేవి, లైను ట్రిప్పయ్యేది. మళ్ళీ వేస్తే మళ్ళీ అంతే. ఆటోలు తీసి, ఒకరి తరువాత ఒకరు వేసుకోండని రెండేళ్ళుగా చెబుతున్నాను. "నువ్వు ముందుగాల కరెంటియ్యి సారూ," అనేవారు.

ఇదంతా షడ్డకునితో వాపోయాను. మరునాడు అతడు ఊరి చాయ్ హోటల్లో రైతులను కూర్చోబెట్టుకున్నాడు.

"మా మరలను గూడ ఒక్కపారి లైన్ల గలపం, ఒకదాని ఎన్క ఒకటే. బంతిల కూసున్నోళ్ళందరు ఒక్కపారి గంటె పడితె బువ్వ నేలపాలే గదా కాకా?" అన్నాడట.

రైతులు నవ్వారు. నవ్వుతూనే పోయి ఆటోలు తీశారు. వాగు దిక్కు బోర్లు ముందు, మెరక బోర్లు తరువాత అని వంతులు పెట్టుకున్నారు.

మరుసటిసారి లైను నిలబడింది. ధార సన్నగానే వచ్చింది, కాని ఆగలేదు. చేను తడిసింది, కాయ నిండింది. మాట నాది, లెక్క నాది. గాలిమరల అల్లుడు చేను కాపాడిండని ఊరంతా చెప్పుకున్నది.

ఆ యాసంగి పంటప్పుడు మోటారు మళ్ళీ మూలుగుతున్నదని మామ నేరుగా సబ్‌స్టేషన్‌కే వచ్చాడు. నేను లేచి మీటరు చూపించి, ముల్లు ఎక్కడుందో చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"గదంత నాకు తెల్వదు గని, జర చిన్నల్లునికి ఫోన్ గొట్టు. ఏం జెయ్యాల్నో ఆయన్ను అడుగుదం."

డ్యూటీ దిగాక ఆయనను ఎస్‌టీడీ బూతుకు తీసుకుపోయాను. నంబరు నేనే తిప్పి, ఫోను ఆయన చెవికి అందించాను.