సొరుగులో రెండు ప్రాసెసర్లు

మా బావను దొంగ అన్నారు! ఆ మాట చెవిన పడేసరికి నేను ఆసుపత్రి రిజిస్ట్రేషన్ కౌంటర్లో ఒక పెద్దాయన వయసు టైపు చేస్తున్నాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

బావంటే మా అక్క భర్త. ఇరవై రెండేళ్లుగా ఈ ఆసుపత్రి సర్వర్ గదికి ఆయనే దిక్కు. ఆఫీసు పెన్నుతో ఇంటి సరుకుల చిట్టా కూడా రాయనివ్వడు. "ఈయన్ని కట్టుకుని నేనేం సుఖపడ్డానే!" అని అక్క ఆటపట్టిస్తుంటుంది.

రెండు నెలల కిందట పాత సర్వర్ చేతులెత్తేసింది. కంప్యూటర్‌కు మెదడులాంటి చిప్పులు, అంటే ప్రాసెసర్లు, నాలుగింటితో కొత్తది వచ్చింది. రోగుల వివరాలన్నీ దాచే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌కు మాత్రం మాకున్న లైసెన్సు రెండు ప్రాసెసర్లకే. వాడినా వాడకపోయినా, పెట్టెలో ఎన్ని ప్రాసెసర్లుంటే అన్నింటికీ లైసెన్సు కొనాలట! ఇంకొకరైతే నోరు మూసుకుని నడిపేసేవారు. మా బావ స్క్రూడ్రైవర్ పట్టుకుని, నిక్షేపంలాంటి రెండు ప్రాసెసర్లు ఊడదీసి, కవర్లో చుట్టి సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"పిచ్చా బావా నీకు?" అన్నాను అప్పుడే.

"కొననిది ఎలా వాడతామే?" అన్నాడు తాపీగా.

ఇవాళ స్టోర్సు గుమాస్తా తనిఖీకి వచ్చాడు. బిల్లులో నాలుగు, మెషీన్లో రెండు. సొరుగు తెరిపించి రెండూ పట్టుకుపోయారు. డైరెక్టర్ అందరి ముందూ, "ఎవరికి అమ్ముదామని దాచావు?" అని అడిగాడట. సాయంత్రంలోగా జవాబు రాసివ్వకపోతే ఉద్యోగం ఊడుతుందన్నారు.

పరుగున వెళ్లాను. ఏడుస్తుంటాడనుకున్నాను. ఈ మహానుభావుడు కూర్చుని రోజువారీ బ్యాకప్ సరిచూసుకుంటున్నాడు! నాకు కోపం నషాళానికంటింది.

"తీసేముందు డైరెక్టర్‌కి చెప్పలేదా?"

"రాసిచ్చాను. సంతకం కూడా పెట్టారు."

"మరి ఆ కాగితం చూపించవేం?"

"అంతమందిలో ఆయన పరువు పోదూ?"

మనిషేనా ఈయన!

"నీ పరువు పోలేదా బావా? రేపు అక్క వీధిలో తలెత్తుకు తిరగాలా వద్దా?"

తల దించుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇక నేను ఆగలేదు. అలమారలోంచి ఆ కాగితమున్న ఫైలు లాక్కుని తిన్నగా డైరెక్టర్ గదికి వెళ్లి గట్టిగా చదివాను: "లైసెన్సు రెండింటికే ఉన్నందున మిగిలిన రెండు ప్రాసెసర్లు తీసి నా సొరుగులో భద్రపరుస్తున్నాను." కింద ఆకుపచ్చ సిరాతో డైరెక్టర్ సంతకం.

ఆయన తన సంతకాన్ని తనే నమ్మలేనట్టు చూశాడు.

"నేను... చదవలేదమ్మా," అన్నాడు.

ఆయనే ప్రాసెసర్లు పట్టుకుని సర్వర్ గదికి వచ్చాడు. వెనకాలే గుమాస్తా, నర్సులు, నేను. "తప్పు నాదే. క్షమించండి," అని అందరూ వినేలా అన్నాడు. బావ లేచి నిలబడి, ప్రాసెసర్లు లెక్కచూసుకుని, తనకు తిరిగి అప్పగించినట్టు ఒక కాగితం రాసి ముందు పెట్టాడు. డైరెక్టర్ వెంటనే పెన్ను తీశాడు.

బావ ఆ కాగితం మీద అరచెయ్యి ఆనించాడు.

"ముందు చదవండి, సార్."

ఇన్నేళ్లలో బావ గొంతు అలా పలకడం నేను వినలేదు. డైరెక్టర్ కళ్లజోడు పెట్టుకున్నాడు. ఆయన చదవడం పూర్తయ్యేదాకా మేమందరం అక్కడే నిలబడ్డాం.