పడమరకు తిరిగిన ఛత్రి

మోత్కూరుకు అవతల, బస్సు చివరిసారి ఆగే ఊళ్లో ఐలేశాలు ముగ్గురున్నారు. ఒకాయన పిండిగిర్ని ఐలేశం, ఒకాయన సర్పంచి బామ్మర్ది ఐలేశం. మూడో ఆయన ఛత్రి ఐలేశం. ఛత్రి అంటే డిష్. ఊళ్లో అది లేని ఇల్లు లేదు. అన్నీ దక్షిణం వైపు ఆకాశంలోకి మూతులెత్తి చూస్తుంటాయి. ఐలేశం వాకిట్లో, గొర్ల దొడ్డి పక్కన ఉన్నది మాత్రం ఎనిమిదడుగుల ఇనుప జాలీ డిష్. అది ఒంటరిగా పడమరకు తిరిగి, పొద్దు వాలే చోటు వైపు చూస్తూ ఉంటుంది. కొత్తవాళ్లు ఇదేమి వింతని అడిగితే ఊరివాళ్లు నవ్వి ఊరుకుంటారు. నవ్వేవాళ్లను నవ్వనీ. ఆ డిష్ ఆ దిక్కుకు ఎందుకు తిరిగిందో ఆ ఇంట్లోవాళ్లకు తెలుసు.

ఐలేశం గొర్లు కాసే కురుమ ఇంట్లో పుట్టాడు. ఇక్కడ వానలు మొహం చాటేసిన కాలంలో, సగం గొర్లు అమ్ముకొని, ఏజెంటు మాట నమ్మి అరబ్బు దేశం పోయాడు. దూరపు కొండలు నునుపు. అక్కడ ఆయనకు దొరికిన పని ఏమిటంటే మేకలు కాయడం. ఇక్కడ ఊరి మేకలు, అక్కడ షేకు మేకలు, అంతే తేడా. కఫీల్ అని పిలిచే యజమాని మంచివాడే గానీ, చుట్టూ ఇసుక, మధ్యలో రేకుల షెడ్డు. తెలుగు మాట్లాడుదామంటే మేకలే దిక్కు. మేకలతో తెలుగులోనే మాట్లాడేవాడు. కొన్నాళ్లకు అవి కూడా తిట్లకు తల తిప్పడం నేర్చుకున్నాయట.

నీళ్ల లారీ నడిపే ఒక మలయాళీ ఆయనకు దారి చూపాడు. మన దేశం ఛానళ్లు ఆ దేశం కోసం వదిలినవి కావు. అయినా కాలువ చివరి మడికి సన్నగా నీళ్లు పారినట్టు, వాటి సిగ్నల్ కొసలు అక్కడిదాకా వస్తాయి. చిన్న డిష్‌కు ఆ కొస అందదు, పెద్దది కావాలి. ఏదో హోటల్ వాళ్లు పారేసిన పెద్ద ఛత్రిని ఆ మలయాళీయే లారీ మీద తెచ్చి ఇచ్చాడు. ఐలేశం దాన్ని పొద్దు పొడిచే దిక్కుకు తిప్పి రేకుల మీద కట్టాడు. గాలి లేస్తే బొమ్మ ముక్కలు ముక్కలయ్యేది. గాలి తగ్గితే వార్తలు చదివే అమ్మాయి మళ్లీ అతుక్కునేది. ఒకనాడు నల్లగొండ వైపు కుండపోత వాన అని వార్త వస్తే, ఉన్నపళంగా ఇంటికి ఫోను చేసి పిల్లల్ని లోపల కట్టేయమన్నాడు. గొర్రె పిల్లల్ని లెండి. ఇక్కడ మేము తడుస్తుంటే నువ్వు ఎడారిలో కూర్చొని చెప్పాలా అని పెండ్లాం మల్లీశ్వరి నాలుగు తిట్టింది. ఆ తిట్లు ఆయనకు ఎంత తీపిగా ఉన్నాయో చెప్పలేం.

మోకాళ్లు మొరాయించాక ఐలేశం తిరిగొచ్చాడు. నమ్మకమైన మనిషిని పంపమని కఫీల్ అడిగితే తమ్ముడు బీరప్పను పంపాడు. బీరప్ప పోయేనాడు తల్లి గుర్వమ్మ, కళ్లు బాగున్న రోజుల్లో తన చేత్తో వడికిన ఉన్నితో నేయించిన గొంగడిని అతని భుజాన వేసింది. నల్ల గొంగడి, అంచున రెండు తెల్ల చారలు. ఎడారికి గొంగడేమిటని చూడవచ్చినవాళ్లంతా నవ్వారు. అక్కడి రాత్రుల చలి తెలిసిన ఐలేశం ఒక్కడే నవ్వలేదు.

మరుసటి ఏడు ఆ దేశం మీద సముద్రపు తుఫాను పడింది. వాన ఎరగని వాగులు ఒక్కసారిగా పొంగాయి. బీరప్ప ఫోను మూగబోయింది. పిల్లలు సెల్‌ఫోన్లలో వెతికితే పట్నం రోడ్ల మీద కార్లు తేలే వీడియోలే కనబడ్డాయి, అవి కూడా ఆ వాడలో ఒక్క గీత నెట్‌కు గిరగిరా తిరుగుతూ ఆగిపోయేవి. మేకల షెడ్ల సంగతి ఎవడు చూపిస్తాడు? గుర్వమ్మ అన్నం ముట్టడం మానేసింది. బీరప్ప భార్య నాగరాణి ఎప్పటిలాగే దొడ్డి ఊడ్చింది, గొర్లకు నీళ్లు పెట్టింది, బావను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. తమ్ముణ్ని పంపింది తానే కదా! ఐలేశం కాలుకాలిన పిల్లిలా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగాడు.

తిరిగి తిరిగి ఆయనకు ఒక సంగతి గుర్తొచ్చింది. తుఫాను వస్తే ఆ దేశపు సర్కారు టీవీ ఊరూరి పేరూ చెబుతుంది, ఏ బడిలో ఎవరిని దించారో చూపిస్తుంది. మన ఛానల్ కొస అక్కడిదాకా పారినప్పుడు, వాళ్ల ఛానల్ కొస ఇక్కడిదాకా పారదా? మోత్కూరు పోయి, పూర్వం కేబుల్ నడిపిన యాదయ్యను పట్టుకున్నాడు. ఒకసారి రంజాన్‌కు బజార్లోని సాయిబుల కోసం మక్కా నమాజు చూపించిన ఘనత యాదయ్యది. ఆనాటి పెద్ద డిష్ ఉందా అంటే ఉంది. యాదయ్య పెరట్లో బోర్లా పడి, కోళ్లను కమ్మే గంపగా కొలువు చేస్తోంది. కోళ్లను వెళ్లగొట్టి, దాన్ని ట్రాలీ ఆటోలో వేసుకొని ఇద్దరూ వచ్చారు.

వాకిట్లో గుంజ పాతారు. పొద్దంతా తిప్పారు, ఎత్తారు, దించారు. టీవీలో చుక్కలు తప్ప ఏమీ లేదు. గల్ఫ్‌లో ఛత్రి కట్టిన మొనగాడికి తానేం చెబుతాడని యాదయ్య నోరు మెదపలేదు. పొద్దు వాలింది. అరుగు మీద కూర్చున్న గుర్వమ్మకు చూపు మసక. దగ్గరి మనుషులు నీడల్లా తెలుస్తారు, అంతే. రోజూ ఈ వేళకు ఆమె ఎండ తగిలే దిక్కుకు మొహం తిప్పి కూర్చుంటుంది. ఛత్రి ఏ దిక్కుకు పెట్టావని కొడుకును అడిగింది. పొద్దు పొడిచే దిక్కుకని చెప్పాడు ఐలేశం.

“మరి బీరిగాడున్నది పొద్దు గూకే దిక్కున గాదుర?”

ఐలేశం చేతిలోని పానా కింద పడింది. అక్కడ ఉన్నన్నాళ్లూ ఇంటి దిక్కు తూర్పే. ఛత్రి అంటే తూర్పుకు తిప్పేదని చేతులకు అలవాటైపోయింది. ఇప్పుడు తాను ఇంట్లోనే ఉన్నాడని ఆ చేతులకు ఎవరూ చెప్పలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక తల పట్టుకున్నాడు.

తెల్లారి డిష్‌ను పడమరకు తిప్పితే ఇంకో పేచీ వచ్చింది. సరిగ్గా అటువైపు పక్కింటి రఘుపతి గడ్డివాము కొండలా నిలబడింది. ఐలేశం గొర్లు తన పెసరచేను మేశాయని రఘుపతి ఆ ఇంటివాళ్లతో మాటలు మానేసి చాలా కాలమైంది. అడగడానికి ఐలేశం గడప దాకా పోయి, నోరు రాక నిలబడ్డాడు. రఘుపతి ఆయన మొహం చూశాడు. ఇంటిల్లిపాదినీ పిలిచి, తానే ముందు వాము ఎక్కి గడ్డి దింపడం మొదలుపెట్టాడు. పగ అలాగే ఉంది. గడ్డి మాత్రం పక్కకు జరిగింది.

మధ్యాహ్నానికి చుక్కల మధ్య నుంచి ఒక మనిషి తొంగిచూశాడు. తెల్ల జుబ్బా, అరబ్బీ మాటలు. వాకిలంతా జనం. కఫీల్ దగ్గర నేర్చిన అరబ్బీతో ఐలేశం ఒక్కో మాట పట్టుకుంటున్నాడు. ఊళ్ల పేర్లు ఒకటొకటే వస్తున్నాయి. కఫీల్ ఉండే ఊరి పేరు వినబడగానే ఆయన చెయ్యెత్తాడు, అందరూ గప్‌చుప్. ఏదో బడి. నేల మీద బారులుగా మనుషులు. బొమ్మ ముక్కలైంది, అతుక్కుంది. గోడ పక్కన ఒకతను గొంగడిని తల మీదుగా మడిచి కొప్పెర పెట్టుకొని కూర్చున్నాడు. నల్ల గొంగడి, అంచున రెండు తెల్ల చారలు. ఆ దేశమంతా గాలించినా అలాంటిది ఇంకొకటి దొరకదు.

కెమెరా కదిలే ముందు ఆ మనిషి రెప్పపాటు ఇటు తిరిగాడు. కొప్పెర కింద, ఛాతీ దాకా దిగిన తెల్లటి గడ్డం.

ఐలేశం టీవీ దగ్గరికి జరిగాడు. గొంగడి తమ్ముడిదే. గడ్డం తమ్ముడిది కాదు. మరి తమ్ముడేడి? అతని ఒంటి మీది గొంగడి ఇంకొకరి మీదికి ఎప్పుడు పోతుంది? అటుపైన ఆలోచన సాగలేదు. అప్పటికే బొమ్మ మారిపోయింది. ఏం కనబడింది, ఏం కనబడిందని గుర్వమ్మ గాలిలో చేతులాడిస్తోంది.

ఐలేశం నోరు తెరిచేలోపల నాగరాణి అత్త చేతులు పట్టుకుంది.

“ఆయనే అత్తా. నువ్వు ఇచ్చిన గొంగడే కప్పుకున్నడు. మంచిగున్నడు.”

గొంగడినే చూసిన వాకిలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. గుర్వమ్మ అంబలి అడిగి తాగింది. రఘుపతి సైతం కండువాతో కళ్లొత్తుకొని, ఎవరూ చూడలేదనుకొని వెళ్లిపోయాడు. ఐలేశం మాత్రం దొడ్డిలోకి పోయి గొర్ల మధ్య కూర్చున్నాడు. నాగరాణి గడ్డం చూడలేదు పాపం, గొంగడి చూసి నమ్మింది. ఆ నమ్మకాన్ని ఏ నోటితో విరగ్గొట్టాలి? ఆ పూటా, ఆ తర్వాతా పళ్లెం ముందు కూర్చొని లేచిపోయాడు. మల్లీశ్వరి అడిగితే కడుపులో బాగాలేదన్నాడు. టీవీ ముందు నుంచి కదల్లేదు, ఆ బడి మళ్లీ కనబడలేదు.

చివరికి ఒక పొద్దున గొర్లను తోలే వేళకు ఫోను మోగింది. ఎవరిదో నంబరు, గొంతు మాత్రం బీరప్పది. వాగు షెడ్డును ఎత్తుకుపోయిందని, మేకలను గుట్టెక్కించి వాటితోనే అక్కడే చిక్కుకుపోయానని చెప్పాడు. వాగు పొంగే ముందు కఫీల్ ముసలి తండ్రిని జీపులో బడికి పంపారట. ఆయన చలికి వణికిపోతుంటే తన గొంగడి కప్పి ఎక్కించాడట. తల మీదుగా కొప్పెర కట్టింది కూడా తానేనట. గొంగడి తిరిగిచ్చారని అవ్వ గుర్వమ్మకు చెప్పమన్నాడు.

అవ్వకు చెప్పారు. వాడంతా చక్కెర పంచారు. సందడి సద్దుమణిగాక, తొట్టి దగ్గర గొర్లకు నీళ్లు పోస్తున్న నాగరాణి దగ్గరికి ఐలేశం పోయాడు. కడుపులో పెట్టుకున్నది ఇక దాచలేకపోయాడు.

“నాగరాణీ, ఆనాడు టీవీల నేను గడ్డం జూసిన బిడ్డా. తమ్ముడు కాదని నాకెరుకే. నీకు చెప్పనీకె నోరు రాలే.”

నాగరాణి బిందె దించింది.

“నేను గూడ జూసిన బావా.”

ఐలేశం నమ్మలేనట్టు చూశాడు. మరి ఆయనే అని ఎట్లా అన్నావని అడిగాడు.

“అత్త మెతుకు ముట్టక పడి ఉండె. నేనన్న మాటకు లేసి ఇంత అంబలి తాగింది. నువ్వు గూడ తింటవనుకున్న. నువ్వే తినకపోతివి.”

ఆమె బిందె ఎత్తుకొని ఇంట్లోకి పోయింది. కాసేపటికి పళ్లెంలో జొన్నరొట్టె, ఉల్లిగడ్డ పెట్టి తెచ్చి ఆయన ముందు ఉంచింది. ఐలేశం తొట్టి పక్కన నేల మీద కూర్చొని, ఏడుస్తూనే మొత్తం తిన్నాడు.